కత్తి లేని విందు

ఎలాజిగ్,
4 సెప్టెంబరు 1988

చిరంజీవి నహ్రీన్‌ని ఇషాక్ మామయ్య ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ పెళ్లినాడు మా ముంగిట్లో రొట్టె మీద చెయ్యి వేసి ఒకరు ఒక మాట ఇచ్చారు. ఆ మాట రెండేళ్లు కూడా బతకలేదు. దాని గురించి ఇన్నేళ్లలో నేను ఎవరికీ రాయలేదు. నువ్వేమో ఇస్తాంబుల్‌లో కూర్చుని, మన ఇంటి ఎర్ర వైన్‌కి ఏయే వంటలు నప్పుతాయో రాసి పంపమన్నావు, కొత్త హోటల్ గోడకి తగిలిస్తానన్నావు. వంటల గురించి రాద్దామని కూర్చుంటే కలం ముందు అటే పోయింది.

సరే, వంటలే. కోర్టు మెట్ల దగ్గర టైపు మిషన్ పెట్టుకుని జీవితమంతా జనం ఫిర్యాదులు రాసినవాణ్ణి. అడిగినదానికి ముందు జవాబిచ్చి, కడుపులోది తర్వాత కక్కడం నాకు అలవాటు.

మా తోటలో పండే ఎద్దుకన్ను ద్రాక్ష నీకు తెలుసు. నల్లగా, గుండ్రంగా, నిజంగానే ఎద్దు కన్నులా చూస్తుంది. రసం బహు మెతక. దాన్ని ఒంటరిగా పులియబెడితే వేసవికల్లా నీరసించి, పుల్లబడి చస్తుంది. మీ నాన్నవాళ్ల చెర్మిక్ కొండల్లో పండేది గొంతుమంట. దాని తొక్క తోలులా ఉంటుంది. ఒంటరిగా తాగితే నాలుకను పట్టుకారుతో పట్టి లాగినట్టుంటుంది. రెండూ ఒకే జాడీలో పడితే మెతకదానికి ఎముక వస్తుంది, మొరటుది కాస్త మర్యాద నేర్చుకుంటుంది. పదేళ్లయినా చెక్కుచెదరదు. ఈ కలయిక మా నాన్న బెహ్నాం కనిపెట్టాడని ఊరంతా చెప్పుకునేవాళ్లు. నువ్వు కూడా అది నమ్మి హోటల్‌కి 'బెహ్నాం తాత' అని పేరు పెడతానంటున్నావు. బోర్డు విషయంలో తొందరపడకు.

ఈ వైన్ పక్కన చేప అడిగినవాణ్ణి సముద్రం వైపు గెంటెయ్యి. నిప్పుల మీద కాల్చి నలిపిన వంకాయ పెట్టు, జడలా అల్లిన ఉప్పు చీజ్ పెట్టు. చువ్వకి గుచ్చిన కార్జం పెట్టు, అది మంట దిగిన క్షణంలోనే తినాలి. మా కోర్టు ఎదుట కార్జం కాల్చే అన్నదమ్ములిద్దరు అవే చువ్వలతో ఒకరి కడుపులో ఒకరు పొడుచుకున్నారు. ఆ ఫిర్యాదు టైపు చేసింది నేనే. కాని వాళ్ల చేతి రుచికి ఈనాటికీ వంక పెట్టలేను. గొర్రె పక్కటెముకల సందులో బియ్యం, బాదం కూరి సూదితో కుట్టి వండేది మీ నాన్నవాళ్ల వైపు వంట. అదీ నప్పుతుంది. నేను మాత్రం తినను.

అన్నిటికన్నా పైది కోతనాటి గొర్రెపిల్ల. నువ్వు మరిచిపోయి ఉంటావు. కోతనాడు రెండు కుటుంబాలూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవి. పొద్దుటినుంచి కొంకికత్తులతో గుత్తులు కోసిన చేతులవి. పైన ఎండ, కడుపులో కొత్త రసం, ఎదురుగా వియ్యాలవారు. అందుకని కత్తులన్నీ గడప బయట గంపలో పడేయాల్సిందే. పళ్ళెం దగ్గరికి ఒక్క కత్తి కూడా రాకూడదు. మరి మాంసం? తెల్లారకముందే తందూరులో దించి, మూత అంచు చుట్టూ పిండి మెత్తి, సాయంత్రం చర్చి గంట మోగేదాకా ముట్టరు. తీసేసరికి వేళ్లకి ఊడి వస్తుంది. ఎద్దుకన్నూ గొంతుమంటా కలిసిన వైన్‌కి అసలైన జోడు అదే, కత్తి అక్కర్లేని మాంసం.

గోడకి ఇంతవరకే తగిలించు. మిగతాది నీకు.

మీ అమ్మకి నా పేరు చెప్పకు. చెప్పినా వినదు.

మామయ్య

&nbsp;

ఇస్తాంబుల్,
14 సెప్టెంబరు 1988

ఇషాక్ మామయ్యకి నహ్రీన్ నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కార్జం అన్నదమ్ముల కథ వంటవాడికి చెబితే వాడు చువ్వలన్నీ లెక్కపెట్టి లోపల దాచాడు.

మీరు రాసిన మాట ఏమిటో నాకు అర్థమైంది. కత్తి గడప దాటకూడదన్న మాటే కదా. నాన్న పోయిన ఆ కోతనాడు నాకు నాలుగేళ్లు. మా వైపు చుట్టాలు చెప్పిందే నాకు తెలుసు. అమ్మ తందూరు వేళకి ముందే తెరిచిందట, మాంసం తాడులా ఉందట. కోడలి వంట చూడండని అందరూ నవ్వారట. నాన్న కోపంతో కత్తి తెమ్మన్నాడట. అది పళ్ళెం దగ్గరికి రాగానే అన్నదమ్ముల మధ్య మాట పెరిగి, జిర్జిస్ బాబాయి నాన్నని పొడిచాడట. మాంసం వాసన వస్తే అమ్మ ఈనాటికీ గది వదిలి వెళ్లిపోతుంది. ఒక్క వంట పొరపాటు మనిషిని ఇన్నేళ్లు తింటుందా మామయ్యా?

మీకు నచ్చని విషయం ఒకటి చెప్పాలి. వేసవిలో నేను చెర్మిక్ వెళ్లాను, జిర్జిస్ బాబాయిని చూశాను. జైలు నుంచి వచ్చాక పెళ్లి చేసుకోలేదట. పాత గొంతుమంట తీగలు ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాయి. మిగతావాళ్లు పీకేసి పొగాకు వేశారు. నన్ను చూడగానే పీచ్ పండ్లు కోసి ఒళ్లో పోశాడు. నేను క్షమించేశాను. మీరు క్షమించకపోయినా ఆయన పళ్లు మీ రాతి తొట్టిలోనే తొక్కాలి. ఎద్దుకన్ను మీ దగ్గర తప్ప ఇంకెక్కడ ఉంది? ఈ నెల ఇరవైరెండున లారీ వస్తుంది. హోటల్ తెరిచేనాటికి మన వైన్ లేకపోతే నాది ఈ వీధిలో ఇంకొక కబాబు కొట్టు మాత్రమే అవుతుంది.

బోర్డు మీద తాత పేరే ఉంటుంది. నాకు గుర్తున్నది ఒక్కటే, ఆయన ఒళ్లో కూర్చుంటే ద్రాక్షపండు తొక్క గోటితో ఒలిచి నోట్లో పెట్టేవాడు. మా రెండు కుటుంబాల్లో చేతికి నెత్తురు అంటనిది ఆయన ఒక్కడికే. పిల్లల పేర్లు నాన్న పేరు మీద పెట్టలేకపోయాను. కనీసం ఈ పేరైనా తలెత్తుకుని రాయించుకోనివ్వండి.

అమ్మకి మీ ఉత్తరం వచ్చిందని చెప్పాను.  కవరు తీసుకుని, మీ చేతిరాత ఇంకా ఒంకరగానే ఉందా అని చూసింది.

మీ నహ్రీన్

&nbsp;

ఎలాజిగ్,
24 సెప్టెంబరు 1988

నహ్రీన్,

లారీ వస్తుందన్నావు. అందులో ఎవరు కూర్చుని వస్తారో చెప్పలేదు.

నేను తోటలో పాదులు తవ్వుతున్నాను. లారీ గట్టు దగ్గర ఆగింది. ముసలివాడొకడు దిగి, నడుం పట్టుకుని నిలబడి, "ఇషాక్ బావా" అన్నాడు. నన్ను బావా అని పిలిచే గొంతు ఈ భూమ్మీద ఒక్కటే మిగిలింది. చేతిలో పార ఉంది. తిప్పి కొట్టాను. భుజం ఎముక ఎండు తీగ విరిగినట్టు విరిగింది. డ్రైవరు ద్రాక్షపాదుల్లో పడి పరిగెత్తాడు. రెండో దెబ్బ లారీ అద్దం మీద పడింది. మూడోది ఎవడి మీద పడాలో తేల్చుకునేలోగా జిర్జిస్ నేలమీద కూర్చుండిపోయాడు. నోట్లోంచి నెత్తురు కారుతోంది, పడేటప్పుడు నాలుక కొరుక్కున్నట్టున్నాడు.

"ఇంకోటి కొడతావా, లేకపోతే పళ్లు దింపించనా? ఎండకి మగ్గిపోతన్నయి."

"నీ పళ్లు కుక్కలకేస్తా."

"కుక్కలు తినవు బావా. గొంతు మండుద్ది."

నాకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినందుకు వాడి చెవి మీద ఇంకొకటి ఇచ్చాను, ఈసారి చేత్తో. అప్పుడు నొప్పి పుట్టింది నాకే. నా కుడిచేతి రెండు వేళ్లు వంగవని నీకు తెలుసు. ఆనాడు నీ తండ్రికీ కత్తికీ మధ్య చెయ్యి పెట్టి అంచు పట్టుకున్నందుకు మిగిలిన గుర్తు అది. ఒంకర చేతిరాత అక్కడినుంచే వచ్చింది.

నువ్వు క్షమించేశావు, సంతోషం. పీచ్ పండ్లకి క్షమ దొరుకుతుందని తెలిస్తే కోర్టు ముందు పళ్ల కొట్టు పెట్టుకునేవాణ్ణి. నేను ఈ మనిషిని ద్వేషిస్తున్నది పొడిచినందుకని అనుకుంటున్నావు. కాదు. చెర్మిక్ ఇంట్లో వాడి గదికీ మీ అమ్మ గదికీ మధ్య ఒక మట్టిగోడ ఉండేది. మీ నాన్న షాబో ఆమెను తల జుట్టు పట్టి ఆ గోడకే కొట్టేవాడు. ఏళ్ల తరబడి అవతల పడుకుని వాడు విన్నాడు. చివరి రోజున మగతనం వచ్చింది. చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. పక్క గదిలో ఉండి విన్నవాళ్లే తర్వాత తామెంత బాధపడ్డామో చెప్పుకుంటారు.

ఇంకొకటి. నువ్వు అర్థం చేసుకున్న మాట వేరు, నేను చెప్పిన మాట వేరు. కత్తి గడప దాటడం ఆచారం తప్పడం. పెళ్లినాటి మాట దానికి నాలుగేళ్ల ముందే చచ్చింది. బోర్డు రాసేవాణ్ణి ఆపు.

పళ్లు లారీలోనే ఉన్నాయి. కందిరీగలు మూగుతున్నాయి. నేను చూడటం లేదు.

ఇషాక్

&nbsp;

ఇస్తాంబుల్,
5 అక్టోబరు 1988

మామయ్యా,

నమస్కారం రాయడానికి చెయ్యి రావడం లేదు.

డ్రైవరు ఎలాజిగ్ నుంచి ఫోన్ చేశాడు. బాబాయి భుజానికి కట్టు కట్టి ఆస్పత్రివాళ్లు పంపేశారని, ఆయన చెర్మిక్ వెళ్లనంటున్నాడని, పళ్లు తొక్కేదాకా కదలనంటున్నాడని చెప్పాడు. అరవై దాటిన మనుషులు మీరిద్దరూ. సిగ్గుతో చచ్చిపోయాను. మీ ఉత్తరం అందగానే కోపంతో అమ్మ ముందు పడేసి, నీ తమ్ముడు ఎంత ఘనుడో చదువుకోమన్నాను. గోడ సంగతి ఆ ఉత్తరంలో ఉందని, అది తనకి చూపించకూడదని ఆ క్షణంలో తట్టలేదు.

అమ్మ వంకాయలు చెక్కుతోంది. ఉత్తరమంతా చదివి, మడిచి పెట్టి, మళ్లీ వంకాయ తీసుకుంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"తందూరు నేనే తీశా. గంటకి ముందే తీశా. తెలిసే తీశా."

ఎందుకమ్మా అన్నాను.

"ఉడక్కపోతే కత్తి అడుగుతారని. కత్తి నా చేత్తోనే తెప్పిస్తారని. నేను పొడవడానికే తెచ్చుకున్నానే. నేనే చెయ్యాల్సింది. ఆ పిచ్చి మరిది ముందు లాక్కున్నాడు."

తర్వాత మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది.  మెల్లిగా ఇంకొక మాట అంది. "ఇషాక్‌కి వేళ్లు నావల్లే పోయినయి. అందుకే ఇన్నేళ్లూ మన గడప తొక్కలేదు. వాడికి తెలుసు."

కాబట్టి మీరు నిందిస్తున్నది అమ్మనన్నమాట. పెళ్లినాడు మాట ఇచ్చిందీ అమ్మేనా? అత్తవారింట ఒదిగి ఉంటానని ప్రమాణం చేయించుకుని, అది తప్పిందని ఇన్నేళ్లు మొహం చూపించలేదా? నా నాన్న కొట్టేవాడని నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న పోయాడు, బాబాయి హంతకుడు, అమ్మ ఇలా, మీరు అలా. ఇక నాకు తాత ఒక్కడే మిగిలాడు. బోర్డువాడు ఇరవైన వస్తాడు. ఆపను.

లేదంటే డొంకతిరుగుడు లేకుండా రాయండి. మీరు ఎవరిని నిందిస్తున్నారో ఒక్క పేరు రాయండి, మామయ్యా. ఒక్కటే.

నహ్రీన్

&nbsp;

ఎలాజిగ్,
13 అక్టోబరు 1988

అమ్మా నహ్రీన్,

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు. కళ్లద్దాలు తెచ్చుకుంటానని లేచిపోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు.

ముందు నీ వైన్ సంగతి. జిర్జిస్ మా ఇంట్లోనే, నా మంచం మీదే ఉన్నాడు. చెయ్యి నేను విరిచాను కాబట్టి చారు నేనే తాగిస్తున్నాను. ఉప్పు లేదంటాడు. నేను ఎక్కువ వేస్తాను. పళ్లు రెండురోజులు లారీలో మగ్గాక నాకే చూడలేక దింపించాను. పాడైనవి ఏరించాను. ఎద్దుకన్ను రెండు పాళ్లు, గొంతుమంట ఒక పాలు. డ్రైవరూ నేనూ తొక్కాము. జిర్జిస్ అరుగు మీద కూర్చుని ఎక్కువ తొక్కకు, గింజ చిట్లుతుందని తిట్టాడు. జాడీల్లో ఇప్పుడు బుసబుసమని మరుగుతోంది. వసంతానికి నీ దగ్గరికి వస్తుంది.

మొన్న చారు తాగిస్తూ అడిగాను, గోడకి అవతల అన్నేళ్లు పడుకున్నవాడికి ఆ రోజే ఎందుకు తెలివి వచ్చిందని. మొహం గోడవైపు తిప్పుకుని చెప్పాడు.

"వదిన చెయ్యి కత్తి మీదికి పోవడం చూశా. తను పొడిస్తే తనని ఉరేస్తారు. నేను పొడిస్తే జైలు. అంతే బావా, ఇంకేం ఆలోచించలా."

అది విన్నాక చారు మళ్లీ వేడి చేసి ఇచ్చాను. అంతకు మించి నా చేత కాదు.

ఇక మీ అమ్మ. అక్క తందూరు తెరిచిందని నాకు ఆ రోజే తెలుసు. మధ్యాహ్నం నీళ్లకి వచ్చినప్పుడు ఆమె గోళ్ల కింద ఎండిన పిండి చూశాను. మూత అంచు పిండి. ఎందుకు తెరిచిందో అడగాల్సిన పని లేకపోయింది. కోర్టులో అందరూ వంట పొరపాటని నవ్వుతుంటే నేనూ అవునన్నాను. నేను ఆమె గడప తొక్కకపోవడానికి కారణం వేళ్లు కాదు. నేను షాబోని కాపాడబోయి కత్తి పట్టుకున్నాను. వాడు మిగిలి ఉంటే ఆమె గతి ఏమయ్యేది? దానికి నన్ను ఎన్నటికీ క్షమించదని అనుకున్నాను. ఆమె నా వేళ్ల గురించి ఏడుస్తోందని తెలియక, నేను నా సిగ్గుతో ఇక్కడ కూర్చున్నాను. ఇంత చదివి ఇద్దరు మనుషుల మధ్య ఒక్క ప్రశ్న వేసుకోలేకపోయాను.

ఇప్పుడు పెళ్లినాటి మాట. మాట ఇచ్చింది మీ అమ్మ కాదు, మీ అమ్మకి ఇచ్చారు. ఆమె చెర్మిక్ వెళ్లనని గుంజ పట్టుకుని ఏడ్చింది. షాబో చెయ్యి ఎలాంటిదో అప్పటికే ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అప్పుడు రొట్టె మీద చెయ్యి పడింది. "ఒక్క దెబ్బ పడిందని తెలిస్తే గుర్రం కట్టి నేనే తెచ్చుకుంటా. నా పిల్ల మళ్లీ ఆ ఇంటి గడప ఎక్కదు." ఆ మాట నమ్మి ఆమె గుంజ వదిలింది.

రెండో ఏడు కోతకి వచ్చింది. నువ్వు కడుపులో ఉన్నావు. దవడ పక్కకి జరిగి ఉంది. ముందు పళ్లు రెండు లేవు. మాట్లాడితే నోట్లోంచి గాలి పోయేది. నేను షాబో మీదికి లేచాను. నన్ను వెనకనుంచి పట్టి, తీగలు కట్టే కర్రతో మోకాళ్ల మీద కొట్టింది షాబో కాదు. ఆ కర్ర ఎవరిదో ఊహించు. తర్వాత ఆ మనిషి తొట్టి దగ్గరికి వెళ్లి, దోసిలితో కొత్త రసం తీసి నోట్లో తిప్పి, "ఈ ఏడు గొంతుమంట బ్రహ్మాండంగా పండింది" అన్నాడు. సాయంత్రం మా ఎద్దుకన్ను బుట్టల మధ్య ఆమెను కూర్చోబెట్టి బండి తోలించాడు. ఆ పళ్లు లేకపోతే మా వైన్ వేసవి దాటదు. వియ్యం తెగితే ఆ పళ్లు రావు. ఆయన కనిపెట్టిన కలయిక ఇదే, తల్లీ. మెతకదాన్ని మొరటుదానికి కట్టి, జాడీ మూత బిగించడం.

ఆ తర్వాత నాలుగేళ్లకి వచ్చిన కోత సంగతి నీకు తెలుసు. తెలియనిది ఒక్కటే ఉంది. షాబో ఎముక విసిరి ఆమె మొహం మీద కొట్టాడు, కత్తి తెమ్మన్నాడు. ఆమె గంపలోంచి కొంకికత్తి తెచ్చింది. పళ్ళెం పక్కన పెడుతుంటే చెంప మీద కొట్టాడు. జిర్జిస్ చెయ్యి కదిలింది. మొదటి పోటు పక్కటెముకల కింద, రెండోది నా వేళ్లమీదుగా మెడలోకి. నెత్తురు గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చి, పక్కటెముకల అన్నం మీద, రొట్టెల మీద, నీ జుట్టు మీద పడింది. అక్క నిన్ను ఎత్తుకుని గోడకి ఆనింది. మా అమ్మ అరుస్తోంది. నేను ఒక చేత్తో అతని మెడ నొక్కిపట్టి సాయం కోసం తల తిప్పాను. మా నాన్న లేచి నిలబడ్డాడు. పళ్ళెం దాటాడు, అల్లుణ్ణి దాటాడు, కూతుర్ని దాటాడు. వెళ్లి రసం జాడీ మీద మూత పెట్టాడు. నెత్తురు చుక్క పడితే రసం చెడుతుందని.

కత్తి తెచ్చింది మా పిల్లేనని, వారం తిరక్కముందే షాబో చుట్టాలు గొడ్డళ్లతో వచ్చి మా తోట సగం నరికారు. కుక్కని చంపి తొట్టిలో పడేశారు. జాడీలు బద్దలు కొట్టి వైన్ వాగులోకి వదిలారు. అప్పుడు చూశాను ఆయన ఏడవడం. అల్లుడి శవం దగ్గర ఏడవలేదు. కూతురి దవడ చూసి ఏడవలేదు. తీగల మొదళ్లు పట్టుకుని నేలమీద పడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. అదే చేతులతో నీకు ద్రాక్ష తొక్క ఒలిచి పెట్టి ఉండవచ్చు. కాదనను. ద్రాక్ష విషయంలో ఆయన చెయ్యి చాలా మెత్తన.

గోడకి తగిలించే కాగితంలో ఒక వాక్యం కలుపు. గొర్రెపిల్ల కోరినవాళ్లకి సాయంత్రం దాకా ఆగమని చెప్పు. నీ హోటల్ పళ్ళెం దగ్గరికి కత్తి రానివ్వకు. జాడీలతో పాటు నేనూ వస్తాను, అక్క ఒప్పుకుంటే. జిర్జిస్ కూడా వస్తానంటున్నాడు. వాడి సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. బోర్డు మీద హన్నే అని మీ అమ్మ పేరు రాయించు. ఆమె వద్దంటే బోర్డు ఖాళీగా వేలాడదీసినా నాకు అభ్యంతరం లేదు.

మీ అమ్మ చేతులకి నా ముద్దు. ఇక ఉంటాను.

ఒక్క పేరు అడిగావు. బతికున్న వాళ్లలో ఎవరి మీదా నాకిక కోపం లేదు, జిర్జిస్ మీద కాస్త తప్ప. ఉన్నదంతా ఒక్కడి మీదే, రొట్టె మీదా మూత మీదా ఒకే చెయ్యి వేసినవాడి మీద. బెహ్నాం. మా నాన్న.